ఉల్మ్ విచారణ దేవాలయం: ఒక ఊరు తన ఖర్చుతో కట్టుకున్న గోథిక్ కట్టడం

పాతనగరం:

సభ్యులందరికీ నమస్కారం. గోథిక్ కట్టడాల మీద మన వేదికలో జరిగే చర్చలు ఎక్కువగా మెదక్ దగ్గరో, పారిస్ నోత్రదామ్ దగ్గరో ఆగిపోతున్నాయి. ఆ రెండూ ఈనాడు బిషప్పుల పీఠాలుగా ఉన్న దేవాలయాలు. బిషప్పు ఆసనం ఎన్నడూ లేకుండా, ఒక ఊరి ప్రజలు తమ ఆదివారపు ఆరాధనకూ, పెళ్ళిళ్ళకూ, బాప్తిస్మాలకూ కట్టుకున్న విచారణ (పారిష్) దేవాలయం గురించి మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఉల్మ్ నగరపు దేవాలయం అది. శిఖరం ఎత్తు 161.53 మీటర్లు. 1890 నుంచి 2025 అక్టోబరు దాకా ప్రపంచంలోని చర్చి శిఖరాలన్నిటిలోకీ అదే ఎత్తయినది. ఆ నెలలో బార్సిలోనాలోని సగ్రాద ఫమీలియా దాన్ని దాటింది.

దీని పుట్టుక వెనుక ఒక ముట్టడి ఉంది. 14వ శతాబ్దంలో ఉల్మ్ వారి విచారణ దేవాలయం కోటగోడలకు వెలుపల, పొలాల మధ్య ఉండేది. 1376లో స్వాబియా ప్రాంతపు నగరాలు ఉల్మ్ నాయకత్వంలో కూటమి కట్టి నాలుగో చార్లెస్ చక్రవర్తిని ఎదిరించినప్పుడు ఆయన సేనలు వచ్చి నగరాన్ని చుట్టుముట్టాయి. జనం గోడల లోపల చిక్కుకుపోయారు, దేవాలయం వెలుపల ఉండిపోయింది. ముట్టడి ఫలించక సేనలు వెళ్ళిపోయాక, ఇక దేవాలయం కోట లోపలే ఉండాలని పౌరులు నిశ్చయించుకున్నారు. 1377 జూన్ 30న నగరపెద్ద లుట్జ్ క్రాఫ్ట్ శంకుస్థాపన చేశాడు. పాత దేవాలయాన్ని విప్పి, దాని రాళ్ళనూ, శిల్పాలు చెక్కిన ద్వార భాగాలనూ కొత్త కట్టడంలో వాడుకున్నారు. ఈనాటికీ పక్క ద్వారాల మీద ఆ పాత శిల్పాలు కనిపిస్తాయి.

అప్పటి ఉల్మ్ జనాభా సుమారు 10,000. కట్టదలచిన దేవాలయంలో దాదాపు 20,000 మంది నిలబడవచ్చునని అంచనా. ఊరి జనమంతా కలిసినా సగానికి మించి నిండని దేవాలయాన్ని వాళ్ళు ఎందుకు తలపెట్టారు? 1543లో పని ఆగిపోయి, మళ్ళీ 1844లో మొదలై, 1890లో ముగిసిన ఈ కట్టడాన్ని మనం ఏ కాలానికి చెందినదిగా లెక్కించాలి? ఈ రెండు ప్రశ్నల మీద తెలిసినవారు రాయాలని కోరుతున్నాను.

కొండమెట్లు:

పాతనగరం గారూ, మంచి అంశం ఎత్తుకున్నారు. మన విశాఖలో రాస్ హిల్ మీది మేరీమాత దేవాలయానికి మెట్లెక్కి వెళ్ళే కుటుంబంలో పుట్టినదాన్ని కాబట్టి పాలనపరమైన సంగతి నేను చెబుతాను.

కథోలిక వ్యవస్థలో బిషప్పు అధికారం నడిచే ప్రాంతం మేత్రాసనం. ఆయన ఆసనం ఉన్న దేవాలయం కథీడ్రల్. మేత్రాసనంలోని ఒక్కో ఊరో, ఊళ్ళో ఒక్కో భాగమో ఒక విచారణ అవుతుంది, దానికో విచారణ గురువు ఉంటాడు. కట్టడం ఎంత పెద్దదన్న దానితో ఈ విభజనకు సంబంధం లేదు. ఉల్మ్ నగరం ఆనాడు కాన్‌స్టాన్స్ మేత్రాసనంలో ఉండేది. బిషప్పు అక్కడే, సరస్సు ఒడ్డున ఉన్న కాన్‌స్టాన్స్‌లో కూర్చునేవాడు. పైగా ఉల్మ్ విచారణ మీద హక్కులు రైఖెనావు అనే మఠానివి. గురువును నియమించే హక్కు మఠానిదైతే, గోడ కట్టే ఖర్చు మాత్రం ఊరివాళ్ళు తమ మీద వేసుకున్నారు. ఎవరు డబ్బు పెడితే కట్టడం మీద వారి మాటే చెల్లుతుంది. దూరాన ఉన్న మఠానికి, ఇంకా దూరాన ఉన్న చక్రవర్తికి, పక్కనున్న ప్రభువులకు ఉల్మ్ పౌరులు తమ స్వతంత్రం ఎంతటిదో రాతితో చెప్పదలచుకున్నారని నా అభిప్రాయం. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అదే. ఆదివారం ఎంతమంది వస్తారన్న లెక్కతో ఆ కొలత వేసినది కాదు.

ఇలాంటిదే ఇంకొకటి ఫ్రైబుర్గ్‌లో ఉంది. 116 మీటర్ల శిఖరం ఉన్న ఆ దేవాలయం కూడా కట్టిన నాటినుంచి 1827 వరకు విచారణ దేవాలయమే. బిషప్పు పీఠం అక్కడికి వచ్చింది ఆ తర్వాతే.

చేనేతకథ:

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. ఉల్మ్ సంపదకు మూలం బట్ట. అవిసె నార నూలును పడుగుగా, పత్తి నూలును పేకగా వేసి నేసే బార్ఖెంట్ అనే బట్టకు ఆ ఊరు పేరుపడింది. అవిసె చుట్టుపక్కల పొలాల్లో పండేది. పత్తి మధ్యధరా సముద్రపు తూర్పు తీరాల నుంచి వెనిస్ మీదుగా, ఆల్ప్స్ కనుమలు దాటి వచ్చేది. నేసిన బట్టను నగరం నియమించినవారు పరీక్షించి ముద్ర వేసేవారు, ఆ ముద్ర ఉన్న బట్టకు దూరదేశాల సంతల్లో నాణ్యతను ప్రశ్నించేవారు ఉండేవారు కాదు. ఉల్మ్ డబ్బు లోకాన్ని ఏలుతుందన్న అర్థం వచ్చే సామెత జర్మన్‌లో పుట్టింది ఆ రోజుల్లోనే.

మన తీరంలో మగ్గం మీద బతికిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి గనుక ఈ సంగతి నాకు చాలా దగ్గరగా తోస్తుంది. మగ్గం లాభం ఎక్కడికి పోతుందన్నది ఊరినిబట్టి మారుతుంది. ఉల్మ్‌లో దానిలో కొంత భాగం దేవాలయపు గోడల్లోకీ, కిటికీల్లోకీ పోయింది. 1480 ప్రాంతంలో బలిపీఠం ఉండే వేదిక భాగంలో పెట్టిన రంగుటద్దాల కిటికీల్లో ఒకటి వర్తక శ్రేణి ఇచ్చినది, మరొకటి నగర సభ ఇచ్చినది. నేటికీ వాటిని వర్తకుల కిటికీ, సభ కిటికీ అనే పిలుస్తారు.

కట్టడశాస్త్రం:

ఓడరేవు పనుల్లో చాలాకాలం నిర్మాణ ఇంజనీరుగా ఉన్నవాణ్ణి. ఉల్మ్ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది దాని బరువు ఎటు నడుస్తుందన్న సంగతి. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రాయి నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, లాగుడును మాత్రం తట్టుకోలేదు. అందుకే రాతి కప్పు వేయాలంటే ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూ ఉండేటట్టు అమర్చాలి. కమాను పని అదే. కానీ కమాను తన బరువును కిందికే కాక పక్కలకు కూడా తోస్తుంది. అర్ధవృత్తపు కమానులో ఈ పక్క తోపు ఎక్కువ. అదే వెడల్పుకు కమాను ఎత్తు పెంచి మొన తేల్చితే పక్క తోపు తగ్గుతుంది, బరువు మరింత నిటారుగా స్తంభంలోకి దిగుతుంది. మొన తేలిన కమానుతో ఇంకో సౌకర్యం ఉంది: వేర్వేరు వెడల్పుల కమానులను ఒకే ఎత్తుకు తేవచ్చు కాబట్టి, దీర్ఘచతురస్రాకారపు గది మీద కూడా పక్కటెముకల వంటి రాతి బద్దలతో కప్పు వేయవచ్చు. ముందు ఈ బద్దలను సెంటరింగ్ (తాత్కాలిక కర్ర చట్రం) మీద నిలబెట్టి, అవి బిగిసిన తర్వాత మధ్య ఖాళీలను తేలికైన రాతితోనో ఇటుకతోనో నింపుతారు. బరువంతా బద్దల వెంట స్తంభాలకు చేరుతుంది గనుక స్తంభాల మధ్య గోడను తీసేసి కిటికీలు పెట్టుకోవచ్చు. గోథిక్ దేవాలయాల్లోని వెలుతురంతా ఈ లెక్క నుంచి వచ్చినదే.

ఇక ఉల్మ్ సంగతికి వస్తే, మొదటి శిల్పి హైన్‌రిక్ పార్లర్ మూడు మండపాలనూ (దేవాలయం పొడవునా సాగే మధ్య భాగం, దానికి రెండు పక్కల భాగాలు) ఒకే ఎత్తున కట్టే పద్ధతిని ఎంచుకున్నాడు. ఆ పద్ధతిలో పక్క మండపాల కప్పులే మధ్య కప్పు తోపును ఎదుర్కొంటాయి. 1392లో పని చేపట్టిన ఉల్‌రిక్ ఫాన్ ఎన్సింగన్ ఆ నమూనాను మార్చేశాడు. మధ్య మండపాన్ని పక్కవాటికంటే చాలా ఎత్తుకు తీసుకుపోవాలని, పడమటి ముఖాన ఒకే ఒక్క మహా గోపురం లేపాలని నిర్ణయించాడు. తర్వాత స్ట్రాస్‌బుర్గ్ కథీడ్రల్ గోపురం మీద పని చేసింది కూడా ఈయనే. 1405లో తాత్కాలికమైన పైకప్పుతోనే దేవాలయాన్ని ప్రతిష్ఠించి ఆరాధన మొదలుపెట్టారు. పని మాత్రం ఎన్సింగన్ కొడుకు, అల్లుడు, మనవడు దాకా తరాల తరబడి సాగింది. మధ్య మండపపు కప్పు 1471 నాటికి పూర్తయింది. దాని ఎత్తు నేలనుంచి 41.6 మీటర్లు, పక్క మండపాల ఎత్తు అందులో దాదాపు సగం.

ఇక్కడే చిక్కు మొదలైంది. ఒక ఎత్తుకు చేసిన పునాది మీద ఇంకో ఎత్తు లేచింది. పక్క మండపాలు ఒక్కొక్కటీ మధ్య మండపంతో దాదాపు సమానమైన వెడల్పు గలవి, వాటి కప్పులు కూడా బలంగా పక్కకు తోసేవి. గోపురం బరువు కింద స్తంభాలు కుంగసాగాయి. 1492లో ఆరాధన జరుగుతున్న సమయంలో గోపురపు కప్పులోంచి రాళ్ళు ఊడి కింద పడ్డాయి. అప్పటి శిల్పి మథేయస్ బోబ్లింగర్ ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది.

పౌరులు ఆగ్స్‌బుర్గ్ నుంచి బుర్‌ఖార్ట్ ఎంగెల్‌బెర్గ్‌ను పిలిపించారు. నా దృష్టిలో ఈ కట్టడానికి ప్రాణం పోసినవాడు ఆయనే, కానీ ఉల్మ్ గురించి రాసేవారు ఆయనను రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఆయన మొదట గోపురం కింది పునాదిని విస్తరించి బలపరిచాడు. గోపురం నుంచి పక్క మండపాల్లోకి తెరుచుకొని ఉన్న కమానులను రాతితో మూయించాడు. తర్వాత 1502 నుంచి 1507 వరకు ఒక్కొక్క పక్క మండపం నడుమ సన్నని స్తంభాల వరుసను నిలబెట్టి, ఒక్కో కప్పును రెండు చిన్న కప్పులుగా మార్చాడు. వెడల్పు సగమయ్యేసరికి తోపు గణనీయంగా తగ్గింది. మూడు మండపాల దేవాలయం ఐదు మండపాలదయింది. ఈనాడు లోపలికి వెళ్ళినవారు ఆ సన్నని గుండ్రటి స్తంభాల సొగసునూ, వాటి మీద అల్లుకున్న నక్షత్రాకారపు కప్పులనూ మెచ్చుకుంటారు. అదంతా అలంకారం కోసం వచ్చినది కాదు, మరమ్మతులోంచి పుట్టిన అందం.

మరో ముఖ్యమైన విషయం. మధ్య మండపపు గోడలను బయటినుంచి పట్టి ఉంచే వాలు కమానులు, అంటే ఫ్లయింగ్ బట్రెస్‌లు, మధ్యయుగంలో ఉల్మ్‌కు లేవు. 41 మీటర్ల ఎత్తున ఉన్న కప్పు దాదాపు నాలుగు శతాబ్దాలు వాటి సాయం లేకుండానే నిలిచింది. 19వ శతాబ్దంలో పని తిరిగి మొదలైనప్పుడు గోడల పరిస్థితి చూసి, ఫెర్డినాండ్ ట్రేన్ ఆధ్వర్యంలో ఒక్కొక్కటిగా వాటిని కట్టారు. గోపురం ఎత్తు పెంచడానికి ముందు వాళ్ళు చేసినది ఈ పని. ఆ క్రమం సరైనదని ఏ ఇంజనీరైనా ఒప్పుకుంటాడు.

సింహగిరి:

కట్టడశాస్త్రం గారి వివరణకు కృతజ్ఞతలు. నేను ఆలయ వాస్తు చదువుతున్న విద్యార్థిని. మన సింహాచలం ఆలయం 13వ శతాబ్దంలో తూర్పు గాంగుల కాలంలో ఈనాటి రూపం దాల్చింది. అంటే ఉల్మ్ శంకుస్థాపనకు శతాబ్దం పైచిలుకు ముందు. మనవాళ్ళు కమాను జోలికి పోలేదు. స్తంభం మీద దూలం, దూలం మీద పలక పరచి మండపాలు కట్టారు. విమానాన్ని రాయి మీద రాయి కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ పైకి మూశారు. రాతి దూలం అడుగుభాగంలో లాగుడు పడుతుంది కాబట్టి దూలం పొడవు పెంచలేం, అందుకే మన మండపాలు స్తంభాలతో నిండి ఉంటాయి. ప్రతిఫలంగా పక్క తోపు అన్న బాధ లేదు, ఒక స్తంభం కదిలినా కప్పంతా జారదు. రెండింటిలో ఒకటి గొప్పదని తేల్చడం నా ఉద్దేశం కాదు. గర్భగుడి చీకటిలో దీపపు వెలుగున దైవాన్ని చూసే ఆరాధనకు మన పద్ధతి సరిపోయింది. వేలమంది ఒకేచోట నిలబడి ప్రసంగం వినే ఆరాధనకు వాళ్ళది సరిపోయింది.

నా సందేహం గాలి గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరిని ఏం చేసిందో చూసినవారికి 161 మీటర్ల రాతి శిఖరం గాలికి ఎలా నిలుస్తుందో అన్న ప్రశ్న సహజంగానే వస్తుంది.

కట్టడశాస్త్రం:

మంచి ప్రశ్న. ఉల్మ్‌లో మన తీరంలో వచ్చేటంత తుపాన్లు రావు, అయినా ఆ ఎత్తున గాలి తక్కువేమీ కాదు. జవాబులో సగం శిఖరపు రూపంలోనే ఉంది. దూరం నుంచి ఘనంగా కనిపించే ఆ శిఖరం నిజానికి జల్లెడ పనితనం: ఎనిమిది వాలు రాతి కంబాలు, వాటి మధ్య చిల్లులతో చెక్కిన రాతి పలకలు. గాలి చాలావరకు లోపలినుంచి దూరిపోతుంది. ఇలాంటి చిల్లుల శిఖరాన్ని తొలిసారి పెద్ద ఎత్తున సాధించింది కొండమెట్లు గారు చెప్పిన ఫ్రైబుర్గ్ దేవాలయమే, 1330 ప్రాంతంలో. మిగతా సగం జవాబు బరువు. గాలి ఒకవైపు నెట్టినప్పుడు ఎదురువైపు కీళ్ళలో లాగుడు పుట్టాలి, అయితే పై రాళ్ళ సొంత బరువు ఆ కీళ్ళను అంతకంటే ఎక్కువగా నొక్కి ఉంచుతుంది. శిఖరం కొసన పై బరువు తక్కువ, కాబట్టి అక్కడ రాళ్ళను లోహపు చీలలతో బిగించడం గోథిక్ పనివాళ్ళ సాధారణ పద్ధతి. ఇనుప చీల చుట్టూ కరిగించిన సీసం పోసేవారు. సీసం పగిలి నీరు లోపలికి పోతే ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. సముద్రతీరంలో పని చేసినవారికి ఈ జబ్బు బాగా పరిచయమైనదే.

డాన్యూబుతీరం:

నమస్కారం. పుట్టి పెరిగింది మహారాణిపేటలో, ప్రస్తుతం ఉద్యోగరీత్యా ఉల్మ్ దగ్గర ఉంటున్నాను. కట్టడపు ఎముకల గురించి పెద్దలు రాశారు, లోపల కంటికి కనిపించే వాటి గురించి నేను రాస్తాను.

పడమటి ద్వారం నడిమి కంబం మీద గాయాలు చూపుతున్న క్రీస్తు విగ్రహం ఉంటుంది. హాన్స్ ముల్చర్ 1429లో చెక్కినది. వానకూ మంచుకూ పాడవకుండా అసలు విగ్రహాన్ని లోపలికి తరలించి, ద్వారం దగ్గర నకలు పెట్టారు. అసలు దాని ముందు నిలబడితే ఆ ముఖంలోని అలసట, ముందుకు వంగిన శరీరపు తీరు చూసి కాసేపు కదలలేం. వేదిక భాగానికి ముందున్న మహా కమాను పైన అంతిమ తీర్పు చిత్రం ఉంది, 1471 నాటిది. దాన్ని తర్వాతి కాలంలో సున్నం కొట్టి కప్పేశారు. 1880లో మళ్ళీ బయటపెట్టారు. దానికి ఎడమపక్కన, పరమప్రసాదం (ఆరాధనలో పవిత్రం చేసిన రొట్టె) ఉంచడానికి చేసిన రాతి గూడు 26 మీటర్ల ఎత్తున సన్నగా లేచి ఉంటుంది. గూడు ఉండేది చెయ్యి అందే ఎత్తులోనే, ఆ పైనున్నదంతా చెక్కడపు పని.

నేను ఎప్పుడు వెళ్ళినా ఎక్కువసేపు గడిపేది మాత్రం వేదిక భాగంలోని ఓక్ కర్ర ఆసనాల దగ్గర. పెద్ద యోర్గ్ సిర్లిన్ తన పనివాళ్ళతో 1469 నుంచి 1474 వరకు చేశాడు. ఆసనాల వరుసల కొసన మనిషి పరిమాణానికి దగ్గరగా ఉన్న అర్ధ విగ్రహాలు ఉంటాయి. అక్కడ అపొస్తలులు ఉంటారని అనుకుంటాం, కానీ ఉన్నది పైథాగరస్, టాలెమీ, సిసిరో, సెనెకా వంటి క్రీస్తు మతానికి వెలుపలి పండితులు. ఉత్తరం వైపు పురుషులు, దక్షిణం వైపు భవిష్యత్తు చెప్పిన ప్రాచీన స్త్రీ ప్రవక్తలు. వారి పైవరుసలో పాత నిబంధనలోని స్త్రీపురుషులు, ఆ పైన క్రైస్తవ పునీతులు. పైథాగరస్ వీణ లాంటి తంతివాద్యాన్ని పట్టుకొని, చెవి దాని మీదికి వంచి, తంతి సరిగ్గా పలుకుతోందో లేదో వింటున్నట్టు ఉంటాడు. కనుబొమల మధ్య ముడత, వేలి కొసన గోరు కూడా కర్రలో తెలుస్తాయి. ఒక విచారణ దేవాలయం తన పవిత్రస్థలంలో లెక్కల పండితుడికి చోటిచ్చిందంటే, ఆ ఊరి పెద్దలకు చదువు మీద ఎంత గౌరవం ఉండేదో ఊహించుకోవచ్చు.

1530 నవంబరులో ఉల్మ్ పౌరులు ఓటు వేసి, పెద్ద మెజారిటీతో మతసంస్కరణ (ప్రొటెస్టంట్ మార్గం) వైపు నిలిచారు. మరుసటి ఏడాది దేవాలయంలోని అరవైకి దగ్గరగా ఉన్న పక్క బలిపీఠాలను, ఎన్నో విగ్రహాలను తొలగించారు. సిర్లిన్ ఆసనాలు మిగలడం మన అదృష్టం.

పాతనగరం:

డాన్యూబుతీరం గారూ, మీ వర్ణన చదివాక పైథాగరస్ బొమ్మ చిత్రాలు వెతికి చూడకుండా ఉండలేకపోయాను. ఓటు సంగతి కూడా ఈ చర్చకు చాలా అవసరం. 1376లో దేవాలయం ఎక్కడ ఉండాలో నిర్ణయించిన పౌరులే, నాలుగైదు తరాల తర్వాత అందులో ఏ ఆరాధన జరగాలో నిర్ణయించారు. నేటికీ అది లూథరన్ సంఘపు దేవాలయమే.

ఇక రెండో ప్రశ్న మిగిలింది. 1543లో పని ఆగేనాటికి గోపురం సుమారు 100 మీటర్లకు చేరింది. మతపు కలతలు, డబ్బు ఇబ్బంది, వాణిజ్యం సముద్రమార్గాలకు మళ్ళడం, అన్నీ కలిసి మూడు వందల ఏళ్ళు దాన్ని మొండి గోపురంగా నిలబెట్టాయి.

సింహగిరి:

ఈ విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగా అనిపించవచ్చు. 1890 మే 31న ముగిసిన శిఖరాన్ని 19వ శతాబ్దపు కట్టడంగానే చూడాలి. ఆ కాలపు జర్మనీలో జాతీయ గర్వం పొంగుతోంది. 1880లో కొలోన్ కథీడ్రల్ 157 మీటర్లతో పూర్తయి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడంగా పేరు తెచ్చుకుంది. ఉల్మ్‌లో ఆగుస్ట్ ఫాన్ బేయర్ చేపట్టిన శిఖరం బోబ్లింగర్ గీసిన ఎత్తుకంటే సుమారు 10 మీటర్లు పెరిగి కొలోన్‌ను దాటింది. ఇందులో భక్తికంటే పోటీయే ఎక్కువ కనిపిస్తోంది. యంత్రాలతో, కొత్త లెక్కలతో కట్టినదాన్ని మధ్యయుగపు పనిగా చూపించడం చరిత్రకు న్యాయం కాదు.

కట్టడశాస్త్రం:

సింహగిరి గారి మాటలో పోటీ గురించిన భాగంతో నేను ఏకీభవిస్తాను. కానీ బోబ్లింగర్ నమూనా చిత్రం నేటికీ ఉంది, 1890 శిఖరం దాని రేఖలనే అనుసరించింది. కింది భాగం ఎన్సింగన్ కాలానిది, దాని మీది అంతస్తు బోబ్లింగర్ కాలానిది, పైనున్న అష్టకోణ భాగం, శిఖరం బేయర్ కాలానివి. ఎన్సింగనే పార్లర్ నమూనాను మార్చాడు, ఎంగెల్‌బెర్గ్ మూడు మండపాలను ఐదు చేశాడు. వాళ్ళ మార్పులను అసలైనవిగా ఒప్పుకొని, బేయర్ పెంచిన 10 మీటర్లను మాత్రం పరాయివని తోసిపుచ్చడానికి కాలదూరం తప్ప వేరే కారణం కనిపించదు. పైగా ముందు పునాదిని బలపరిచి, వాలు కమానులు కట్టి, ఆ తర్వాతే ఎత్తుకు పోయిన 19వ శతాబ్దపు వారి జాగ్రత్త మధ్యయుగపు వారికంటే మెరుగైనది.

కొండమెట్లు:

నాకు తోచిన ఒక్క మాట. విచారణ దేవాలయం వాడుకలో ఉండే స్థలం. అందులో ఆరాధన ఆగనంతకాలం కట్టడం కూడా మారుతూనే ఉంటుంది. మన ఊళ్ళో 1846లో నేటి ఫ్రాన్స్‌లోని ఆన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు వచ్చిన తర్వాత లేచిన పాత కట్టడాలకు కూడా తర్వాతి తరాలు వరండాలు, గంట గోపురాలు, కొత్త నేలలు చేర్చుకుంటూ వచ్చాయి. వాటిలో ఏది అసలు, ఏది చేర్పు అని తేదీలు రాసిపెట్టుకోవడం అవసరం. కానీ చేర్పు అన్నంత మాత్రాన దానికి విలువ లేదనడం సరికాదు.

సింహగిరి:

తేదీలు రాసిపెట్టుకోవాలన్నదే నా పట్టు కూడా, కొండమెట్లు గారూ. ఉల్మ్ గురించి రాసే ప్రతి వ్యాసమూ ఎత్తు చెప్పిన వాక్యంలోనే 1890 అన్న సంవత్సరాన్ని కూడా చెబితే నాకు అభ్యంతరం లేదు.

రాళ్ళబడి:

ఆలస్యంగా వస్తున్నాను. భూగర్భశాస్త్రం బోధిస్తాను కాబట్టి రాయి గురించి ఎవరూ ఎత్తుకోలేదని చూసి రాస్తున్నాను. ఉల్మ్ దేవాలయం ఒకే రాతితో కట్టినది కాదు. ఇసుకరాయి, సున్నపురాయి, గోడల్లో చాలాచోట్ల ఇటుక కలిసి ఉన్నాయి. ఇటుక వాడటం పౌరులకు ఖర్చు తగ్గించింది. ఇసుకరాయి చెక్కడానికి సులువు, అందుకే అంత సన్నని పని సాధ్యమైంది. కానీ దానిలో సూక్ష్మరంధ్రాలు ఎక్కువ. నీటితోపాటు లవణాలు ఆ రంధ్రాల్లోకి పోయి, నీరు ఆరినప్పుడు స్ఫటికాలుగా గట్టిపడి పెరుగుతాయి, ఆ ఒత్తిడికి రాయి పైపొర పొలుసులుగా రాలిపోతుంది. చలిదేశంలో దీనికి మంచు గడ్డకట్టడం తోడవుతుంది. పరిశ్రమల పొగలోని గంధకపు వాయువులు సున్నపు పదార్థాన్ని జిప్సంగా మార్చి నల్లటి పెచ్చు కట్టిస్తాయి.

మన విశాఖలో ఇదే కథ వేరే రాతితో జరుగుతోంది. సింహాచలంలోనూ, ఇక్కడి చాలా కొండల్లోనూ కనిపించే ఖొండలైట్ అనే రాతిలో గార్నెట్, సిలిమనైట్ ఖనిజాలు ఉంటాయి. తాజాగా తీసినప్పుడు చెక్కడానికి అనుకూలంగా ఉంటుంది, కానీ వానకూ ఉప్పుగాలికీ దానిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం మట్టిగా మారిపోతూ, గార్నెట్ నుంచి ఇనుము వదిలి ఎర్రటి మరకలు కడుతుంది. కోణార్క ఆలయం మీద అరిగిపోయిన శిల్పాలు చాలావరకు ఈ రాతివే.

తేడా ఎక్కడుందంటే, ఉల్మ్‌లో దేవాలయానికి సొంత రాతిపని కార్ఖానా ఉంది. అక్కడి పనివాళ్ళు ఏడాది పొడవునా ఏదో ఒక వైపు పరంజా కట్టి ఒక్కో రాయిని పరీక్షిస్తారు. పాడైన రాయిని కొలిచి, అదే గుణం ఉన్న రాతితో చేత్తో చెక్కి మారుస్తారు. అతికించదగినది అతికిస్తారు, తప్పనిసరి అయితేనే తీసేస్తారు. మన దగ్గర పాత రాతిగోడ కనిపించగానే సిమెంటు పూసేస్తున్నారు. సిమెంటు ఖొండలైట్‌కంటే గట్టిది, నీటిని బయటికి పోనివ్వదు. తడి లోపలే చిక్కుకొని రాయి వెనకనుంచి కుళ్ళిపోతుంది. సున్నం, ఇసుక కలిపిన పాత గచ్చు రాతికంటే మెత్తగా ఉండి తడిని తన గుండా పోనిస్తుంది, అరిగితే గచ్చు అరుగుతుంది తప్ప రాయి అరగదు. పాత నగరంలోని చర్చిలైనా, ఆలయాలైనా, దర్గాలైనా మరమ్మతు తలపెట్టిన కమిటీలు దయచేసి ముందు ఈ ఒక్క సంగతి మేస్త్రికి గట్టిగా చెప్పాలి.

డాన్యూబుతీరం:

రాళ్ళబడి గారు చెప్పిన కార్ఖానాను నేను బయటినుంచి చూస్తుంటాను. 1944 డిసెంబరు 17న బాంబుల దాడిలో ఉల్మ్ పాత నగరంలో అత్యధిక భాగం నేలమట్టమైనప్పుడు దేవాలయం స్వల్పమైన దెబ్బలతో మిగిలింది. చుట్టూ ఉన్నదంతా కొత్తగా కట్టినది కావడం వల్ల, చౌకులో నిలబడితే దేవాలయం ఒక్కటే పాతరాయిగా కనిపిస్తుంది. పరంజా ఏ వైపున ఉందో చూసి ఈ ఏడాది పని ఎక్కడ జరుగుతోందో ఊరివాళ్ళు చెప్పేస్తారు.

పాతనగరం:

రాళ్ళబడి గారూ, సున్నపు గచ్చు పాళ్ళ గురించి, మన గాలికి సరిపడే మిశ్రమం గురించి ప్రత్యేకంగా ఒక చర్చ మొదలుపెట్టగలరా? మా వీధిలోని ఒక పాత చర్చి కమిటీ వారు వర్షాకాలం ముగిశాక గోడల పని మొదలుపెడతామంటున్నారు. వాళ్ళకు చూపించడానికి మీరు రాసినది పనికొస్తుంది. కట్టడశాస్త్రం గారు కూడా అక్కడ చేరితే బాగుంటుంది, ఎందుకంటే ఆ చర్చి పడమటి కమాను మీద బీట కనిపిస్తోంది. అది పైపూతదా, లోపలి రాతిదా అన్నది చూసి చెప్పగలవారు కావాలి.

కట్టడశాస్త్రం:

తప్పకుండా. పని మొదలుపెట్టేలోగా బీటకు అడ్డంగా రెండు మూడు చోట్ల పలుచని గాజు పలకలు అతికించి తేదీ వేయించండి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పూత పని ఆపి, ముందు పునాది చూడాలి.